మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు కొట్టడం మొదలుపెడితే: ఎవరి సాయం, ఎలా తీసుకోవాలి

"మా నాయినకు మతిమరుపు. ఈ మధ్య చెయ్యి లేపుతుండు. నిద్రపట్టే గోలీ ఏదన్న చెప్పండి." నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి వచ్చే ప్రశ్న అటూ ఇటూగా ఇదే. ఒకసారి నాయిన బదులు అత్తమ్మ ఉంటుంది, గోలీ బదులు ఇంజెక్షన్ ఉంటుంది.

గోలీ పేరు ఇక్కడ చెప్పను. డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉన్న మనిషి ఉన్నట్టుండి కొడుతున్నాడంటే వెనక ఏదో ఉంటుంది: చెప్పుకోలేని నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, భయం, మానేసిన కల్లు, పోయిన వారం మొదలైన కొత్త మందు. అది తేలకుండా నిద్రపుచ్చితే ఆ మత్తులో లేచి పడిపోయి తుంటి విరుగుతుంది, అసలు జబ్బు లోపల ముదురుతుంది. అందుకే డాక్టర్ దగ్గర నిద్ర మందు కంటే ముందు కారణం అడగాలి. కింద ఉన్నదంతా ఆ కారణం త్వరగా తేలేలా సాయం ఎలా అడగాలన్న దాని గురించే.

ఇప్పుడే ప్రమాదం ఉంటే

చేతిలో గొడ్డలో రోకలో ఉన్నా, మీద పడి గొంతు పట్టుకున్నా ముందు మీరు గదిలోంచి బయటికి రండి. పిల్లల్ని తప్పించండి. చేతులు పట్టుకుని లాగొద్దు, నలుగురు చుట్టూ మూగొద్దు. ఒక్కరే, కాస్త దూరంగా, తలుపు వైపు నిలబడి నెమ్మదిగా మాట్లాడాలి. అదుపు తప్పితే 112కి ఫోన్ చేసి మొదటి మాటగానే "మా ఇంట్లో పెద్దాయనకు మతిమరుపు జబ్బు, ఇది తగాదా కాదు, జబ్బు" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో వచ్చే పోలీసుల తీరు మారుతుంది.

కింది వాటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు: జ్వరంతో కలవరింత, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ లేవకపోవడం, ఫిట్స్, ఈ మధ్య తలకు దెబ్బ తగిలి ఉండటం, పొద్దంతా మూత్రం రాకపోవడం, లేపినా సరిగ్గా లేవని మత్తు. షుగర్ మందులు వాడే మనిషి చెమటలు పట్టి ఒక్కసారిగా తిట్టడం మొదలుపెడితే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉండి, మింగగలిగితే చక్కెర నీళ్లు పట్టించి, ఆ తర్వాత ఫోన్ చేయండి.

దగ్గర ఉండాల్సినవి

- ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో. బీపీ, షుగర్ గోలీలే కాదు, దగ్గు సిరప్, మోకాళ్ల నొప్పుల పొట్లాలు, నాటు మందు, ఆర్ఎంపీ ఇచ్చిన విడి గోలీలు కూడా.
- పాత చీటీలు, డిశ్చార్జి కాగితాలు, స్కాన్ తీయించి ఉంటే ఆ ఫిల్ము.
- ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు.
- ఒక నోటుబుక్కు, పెన్ను.
- మనిషి కోపంగా ఉన్నప్పుడు ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియో. ఇది డాక్టర్ కోసమే. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.
- మీతో వచ్చే రెండో మనిషి.

వీడియో ఎందుకని అడుగుతారు. రాత్రంతా ఇల్లు పీకి పందిరేసిన పెద్దాయన ఓపీ గదిలో తెల్లచొక్కా సర్దుకుని "నాకేం ఫికర్ లేదు సార్, మంచిగున్న" అని నవ్వుతాడు. డాక్టర్ మిమ్మల్ని అనుమానంగా చూస్తాడు. ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్దకొడుకు ఫోన్ చేసినప్పుడూ ఇంతే. ఆ ఐదు నిమిషాలు పెద్దాయన చక్కగా మాట్లాడతాడు, తప్పు చూసుకునే కోడలి మీద పడుతుంది. డిమెన్షియాలో కొత్తవాళ్ల ముందు కాసేపు నిభాయించుకోవడం మామూలే. వీడియో ఉంటే ఈ వాదన ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

1. ఎప్పుడు మొదలైందో తేల్చుకోండి

మిగతా అడుగులన్నీ దీని మీదే ఆధారపడతాయి. "చాలా రోజుల సంది" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. బోనాలకు ముందా, తర్వాతా? పత్తి ఏరేటప్పుడు బాగానే ఉన్నాడా? ఇంట్లో నలుగుర్ని కూర్చోబెట్టి అడగండి.

గంటల్లో, రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే అది డిమెన్షియా ముదరడం అనుకోవద్దు. శరీరంలో ఏదో జబ్బు చేసి మెదడు తికమకపడుతోందని అనుకుని జనరల్ మెడిసిన్ డాక్టర్‌కో, క్యాజువాలిటీకో వెళ్లాలి. కాసేపు తెలివిగా కాసేపు అయోమయంగా ఉండటం, పగలు నిద్ర రాత్రి గొడవ, లేని మనుషులు కనిపించడం దీని గుర్తులు. నెలల మీద మెల్లగా పెరిగితే మానసిక వైద్య విభాగంలోనో, న్యూరాలజీలోనో చూపించాలి. ఎటూ తేల్చుకోలేకపోతే మొదటిదే అనుకోండి.

2. ఇంట్లోనే శరీరాన్ని ఒకసారి చూడండి

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు మీరు చూడగలిగినవి చాలా ఉన్నాయి. విరేచనం అయి ఎన్ని రోజులైంది? మూత్రానికి వెళ్లినప్పుడు ముఖం చిట్లిస్తున్నారా? పంటి నొప్పి, చెవిలో చీము, కాలి వేళ్ల మధ్య పుండు, వీపు కింద ఒరుసుకుపోయిన చోటు ఉన్నాయా? కళ్లద్దాలు పెట్టెలోనే ఉన్నాయా? మసకగా కనిపించే మనిషి మీదికి ఎవరో వస్తున్నారనుకుని చెయ్యి విసురుతాడు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్లు ఇంకో సంగతి చూడాలి. ఫ్లోరిన్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు ముసలితనంలో ఉంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా ఎముకల్లో చేరింది పోలేదు. మెడ తిరగదు, నడుము వంగదు, భుజం పైకి లేవదు. ఆ మనిషికి మతిమరుపు కూడా వస్తే "నొప్పి" అనే మాట నోటికి రాదు. చొక్కా తొడగడానికి చెయ్యి వెనక్కి లాగుతారు, ఆయన రెండో చేత్తో చెంప మీద కొడతాడు. ఇది కోపం కాదు, నొప్పి. స్నానం, బట్టలు, మంచం మీంచి లేపడం, ఈ మూడింటి దగ్గరే గొడవ అవుతుంటే నొప్పినే ముందు అనుమానించండి. "పారాసిటమాల్ వేళకు వేసి చూద్దామా సార్" అని డాక్టర్‌ని అడగండి. ముందు గుండీలున్న వదులు చొక్కాలు కుట్టించండి, బిగుసుకున్న చేతికి ముందు తొడిగి తర్వాత రెండో చేతికి తొడగండి. నీళ్లు నెత్తి మీద కుమ్మరించకుండా కాళ్ల నుంచి మొదలుపెట్టండి. ఆ రోజు అసలే వద్దంటే తడిబట్టతో తుడిచి వదిలేయండి, స్నానం రేపైనా చేయించొచ్చు.

రెండోది కల్లు. డాక్టర్ దగ్గర చెప్పడానికి సిగ్గుపడతారు కానీ పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రోజూ కల్లు తాగిన పెద్దవాళ్లు ఎందరో. చెట్టు కల్లు సంగతి వేరు. దుకాణంలో కలిపి అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు ఉంటాయన్నది అందరికీ తెలిసిందే. "మతి లేదు, ఇంకా కల్లెందుకు" అని ఇంట్లోవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజులకు వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, గోడ మీద పురుగులు కనిపించడం, కొట్టడం మొదలవుతాయి. ఫిట్స్ కూడా రావచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ ఆసుపత్రులకు ఇలాంటివాళ్లే వరస కట్టారు. మీ ఇంట్లో ఇదే జరిగి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలు, ఎప్పుడు ఆపారో దాచకుండా చెప్పండి. ఇంకా ఆపకపోతే మీ అంతట మీరు ఆపొద్దు, ఎలా తగ్గించాలో డాక్టర్ చెబుతాడు.

3. రాయండి

డాక్టర్‌కు పది నిమిషాలే ఉంటాయి. ఆ పది నిమిషాల్లో మీ ఏడుపు కంటే మీ నోటుబుక్కు ఎక్కువ మాట్లాడుతుంది. గొడవ జరిగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, ఏం చేశారు, ఎలా సద్దుమణిగింది. ఇలా:

"మంగళవారం, పొద్దుగూకినంక 6:30. కరెంటు పోయింది. పిల్లలు ఒర్రుతున్నరు. బట్టలు మార్చబోతే మోచేత్తో పొడిచింది, నా చెయ్యి కొరికింది. 'మా ఇంటికి పోత' అన్నది. బయట అరుగు మీద కూసోబెట్టి చాయ్ ఇస్తే 20 నిమిషాలకు సల్లబడ్డది. మూడు రోజుల సంది దొడ్డికి పోలే."

నాలుగైదు రోజులు ఇలా రాసేసరికి మీకే ఏదో కనిపిస్తుంది. అన్నీ సాయంత్రమే జరుగుతున్నాయా? ఒకే మనిషి దగ్గరికి వెళ్లినప్పుడా? గోలీ మింగించేటప్పుడా? పొద్దుగూకే వేళ గొడవ పెరగడం ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. అలాంటప్పుడు చీకటి పడకముందే లైట్లు వేయడం, స్నానం పొద్దున్నే ముగించడం లాంటి మార్పులతోనే కొంత తగ్గొచ్చు. అయితే మొదటి అడుగులో "ఉన్నట్టుండి" అని తేలితే ఈ నోటుబుక్కు కోసం ఆగొద్దు, ఆసుపత్రి ముందు.

4. ఫోన్‌తో మొదలుపెట్టండి

ఊళ్లోంచి కదలలేని రోజు కూడా రెండు నంబర్లు పనికొస్తాయి. టెలి మానస్ 14416 కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. రెండోది ఎల్డర్‌లైన్ 14567, పెద్దవాళ్ల కోసం పెట్టింది, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు. దగ్గరలో ఏ వృద్ధాశ్రమం ఉంది, ఎవరు సాయం చేస్తారు లాంటివి అక్కడ అడగొచ్చు.

ఫోన్‌లో కథ మొదటి నుంచీ చెప్పకండి. ఇలా చెప్పండి: "మా అత్తమ్మకు 74 ఏండ్లు, మూడేండ్ల సంది మతిమరుపు. వారం నుంచి కొడుతున్నది, కొరుకుతున్నది. జ్వరం లేదు. బీపీ, షుగర్ గోలీలు వాడుతున్నది. ఇంట్ల నేను, మా మామ ఇద్దరమే. మాకు భయమైతున్నది. ఎక్కడికి తీసుకపోవాలె?" వయసు, ఎప్పటి నుంచి, ఏం చేస్తోంది, ఏ మందులు, ఇంట్లో ఎవరున్నారు, ఏం కావాలి. అంతే.

ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు కూడా చెప్పి ఉంచండి. జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే) విభాగం ఉంటే మంచం పట్టినవాళ్లను ఇంటికొచ్చి చూస్తారా అని వాళ్ల ద్వారానే కనుక్కోవడం సులువు.

5. ఏ ఆసుపత్రికి?

జ్వరం, షుగర్, బీపీ, మూత్రం లాంటివి మీ పీహెచ్‌సీలోనే ఆ రోజే చూపించొచ్చు. ఆ తర్వాత మెట్టు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, వీటిలో మీకు దగ్గరిది. ఓపీ చీటీ దగ్గర "మతిమరుపు, కొడుతున్నాడు" అని చెప్పి సైకియాట్రీ రాయించుకోండి. హఠాత్తుగా మొదలైతే జనరల్ మెడిసిన్ రాయించుకోండి. భువనగిరి, చౌటుప్పల్ వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర.

హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో న్యూరాలజీ ఉంది. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరు వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గాల్సిన పని లేదు. మిగతా చోట్ల అదుపు కాని మనిషిని కొన్ని రోజులు ఉంచుకుని మందులు సరిచేయడానికి అది సరైన చోటే. అయితే మొదటి మెట్టుగా నేరుగా హైదరాబాద్ పరుగెత్తడం నాకు నచ్చదు. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా వంద కిలోమీటర్ల ప్రయాణం, కొత్త చోటు, తోపులాట, ఆకలి, ఇవన్నీ కలిసి మనిషిని ఇంకా రేపుతాయి. రక్తం, మూత్రం పరీక్షలు జిల్లాలోనే చేయించుకుని ఆ కాగితాలతో వెళ్తే అక్కడ ఒక రోజు కలిసొస్తుంది.

6. తీసుకెళ్లేటప్పుడు

"ఆసుపత్రికి పోదాం" అంటే రానంటారు. "మోకాళ్ల నొప్పికి మందు తెచ్చుకుందాం", "బీపీ చూపించుకుందాం" అనండి. అబద్ధం కదా అని మనసు పీకినా, వాదించి ఏడిపించి లాక్కెళ్లడం కంటే ఇదే మేలు. బస్సు వద్దు, కుదిరితే ఊళ్లో తెలిసినవాళ్ల కారు మాట్లాడండి. పెద్దవాళ్లను డ్రైవర్ వెనక సీట్లో కూర్చోబెట్టొద్దు, వెనక నుంచి మెడ పట్టుకుంటే అందరికీ ప్రమాదం. వెనక సీట్లో రెండో పక్కన కూర్చోబెట్టి, వాళ్లకు నచ్చిన మనిషిని పక్కనే ఉంచి, డోర్‌కు చైల్డ్ లాక్ వేయండి. మూత్రానికి తీసుకెళ్లి, కడుపు నిండా తినిపించి, పొద్దున్నే బయలుదేరండి. ఒకరు వరసలో నిలబడితే ఇంకొకరు పెద్దవాళ్లను బయట చెట్టు కింద కూర్చోబెట్టాలి. రెండో మనిషి కావాలన్నది ఇందుకే.

7. డాక్టర్ ముందు

అన్నీ పేషెంట్ ముందే చెప్పకండి. మతి పోయినా పరువు పోయినట్టు తెలుస్తుంది. నోటుబుక్కు పేజీ ముందే చూపించండి, లేదా "రెండు నిమిషాలు విడిగా మాట్లాడాలె సార్" అని అడగండి. చెప్పడానికి నోరు రాని సంగతులు కూడా చెప్పాలి: బట్టలు విప్పేయడం, కోడలి మీద చెయ్యి వేయడం, భార్యను పరాయిదనడం, బంగారం దొంగిలించారని వీధికెక్కడం. ఇవీ జబ్బు లక్షణాలే, డాక్టర్ వినని సంగతులేం కావు. మీరు తిరిగి కొట్టి ఉంటే అదీ చెప్పండి. ఇంట్లో అలసట ఎంతవరకు వచ్చిందో తెలియాలి కదా.

తర్వాత ఇవి అడగండి:

- ఇది ఉన్నట్టుండి రావడానికి ఇన్ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, సోడియం తగ్గడం లాంటివి చూశారా? మూత్రం, రక్తం, సోడియం, షుగర్, క్రియాటినిన్, థైరాయిడ్, బి12 పరీక్షల్లో ఏవి అవసరం? ఈ మధ్య పడ్డారు, తలకు స్కాన్ కావాలా?
- సంచిలో ఉన్న మందుల్లో మతిని చెడగొట్టేవి ఉన్నాయా? జలుబు మందులు, నిద్ర గోలీలు, కొన్ని మూత్రం మందులు, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్ లాంటివి పెద్దవాళ్లలో కలవరింత పెంచుతాయి.
- మందు కాకుండా ముందు ఏం చేసి చూడాలి?
- మందు ఇస్తే దేనికి ఇస్తున్నారు, ఎన్ని రోజులకు పని కనిపిస్తుంది, ఎప్పుడు తగ్గించాలి?

రిస్పెరిడోన్, క్వెటియాపిన్ లాంటి మందులు మిగతావి పనిచేయనప్పుడు, తనకో ఇతరులకో హాని ఉన్నప్పుడు రాస్తారు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో వీటితో పక్షవాతం, మరణం ముప్పు కొంత పెరుగుతుంది. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మూడు నాలుగు నెలల్లోపు తగ్గించి చూడాలి. లేని మనుషులు, పిల్లలు స్పష్టంగా కనిపిస్తున్నారని చెప్పడం, చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం ముందు నుంచీ ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. అది లూయీ బాడీ డిమెన్షియా కావచ్చు. అలాంటివాళ్లకు హాలోపెరిడాల్ లాంటి మందు పడితే మనిషి కట్టెలా బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.

8. అడ్మిట్ చేయాల్సి వస్తే

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఒప్పుకునే స్థితిలో లేని మనిషిని 89వ సెక్షన్ కింద చేర్చవచ్చు. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్ట్ అయి ఉండాలి. మొదటి విడత 30 రోజులకు మించదు. దరఖాస్తు పెట్టేది నామినేటెడ్ ప్రతినిధి, అంటే తన తరఫున ఉండటానికి ఆ మనిషే ఎంచుకున్నవాళ్లు. ఆ ప్రతినిధి ఎవరో మనిషికి తెలివి ఉన్న రోజుల్లోనే తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెట్టించుకుంటే సరిపోతుంది. జబ్బు ఇంకా మొదట్లోనే ఉన్న ఇళ్లవాళ్లు ఈ పని ఇవాళే చేయండి. అన్నదమ్ముల మధ్య తర్వాత వచ్చే సగం తగాదా ఇక్కడే ఆగుతుంది. కాగితం లేకపోతే దగ్గరి బంధువును ప్రతినిధిగా తీసుకుంటారు.

అత్యవసరమైతే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా ప్రతినిధి ఒప్పుదలతో 72 గంటల వరకు చికిత్స ఇవ్వవచ్చు. గొలుసులతో కట్టడం అదే చట్టం ప్రకారం నేరం, ఇంట్లో అయినా, గుడిలో అయినా, దర్గాలో అయినా. మొక్కు తీర్చుకోవడం మీ ఇష్టం, కానీ కట్టేసి ఉంచే చోట మనిషిని వదిలి రావొద్దు. 2001లో తమిళనాడు ఎర్వాడిలో గొలుసుల్లో ఉన్న 28 మంది మంటల్లో పోయారు.

ఖర్చు సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ సాయం చేసే) డెస్క్ దగ్గర చేరకముందే అడగండి, చేరాక కాదు. ప్రైవేటు కేర్ హోమ్ అయితే మానసిక వైద్య సంస్థగా రిజిస్ట్రేషన్ ఉందా, రాత్రి ఎవరు ఉంటారు, కట్టేస్తారా, మనం చెప్పకుండా వెళ్లి చూడొచ్చా అని అడగండి. చివరి ప్రశ్నకు తడబడితే అక్కడి నుంచి వచ్చేయండి.

9. ఇంటికి మనిషిని పెట్టుకుంటే

ఏజెన్సీ పంపే ఆయా అయినా, ఊళ్లో తెలిసిన ఆమె అయినా, మాట్లాడుకునేటప్పుడు "కొడతాడు" అన్న సంగతి దాచొద్దు. దాస్తే మూడో రోజు వెళ్లిపోతుంది. "పెద్దాయన కొట్టబోతే నువ్వేం చేస్తవు?" అని అడగండి. "గట్టిగ పట్టుకుంట" అంటే వద్దు. "కొంచెం ఎనక్కు జరిగి, కాసేపాగి మళ్ల పోత" అంటే పెట్టుకోండి. ఆధార్ తీసుకోండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి. మొదటి వారం మీరూ ఇంట్లోనే ఉండండి. స్నానం చేయించేటప్పుడు అప్పుడప్పుడు మీరే ఉండి ఒంటి మీద కమిలిన మచ్చలున్నాయేమో చూడండి. రోజంతా పెట్టుకునే స్తోమత లేకపోతే గొడవ ఎక్కువయ్యే ఆ మూడు నాలుగు గంటలకే మనిషిని మాట్లాడండి. ఆ గంటలు ఏవో నోటుబుక్కు చెబుతుంది.

ఏఆర్‌డీఎస్ఐ అని డిమెన్షియా కుటుంబాల కోసం 1992లో మొదలైన సంస్థకు హైదరాబాద్‌లో శాఖ ఉంది. ఇదే బాధ పడుతున్న ఇతర కుటుంబాలతో మాట్లాడాలంటే అక్కడ అడగండి.

ఇంట్లో ఈలోగా గొడ్డలి, కొడవలి, పారె, పత్తికి తెచ్చిన పురుగు మందు డబ్బాలు తాళం లోపలికి చేరాలి. బావి దగ్గరికి, మోటారు స్టార్టర్ దగ్గరికి దారి మూయాలి. జేబులో పేరు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ కుట్టి పెట్టండి. దారి తప్పి తిరుగుతుంటే పోలీసులు సంరక్షణలోకి తీసుకుని ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. చట్టంలో ఆ మాటా ఉంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ప్రమాదమైనది ఆర్ఎంపీ చేత మత్తు ఇంజెక్షన్ వేయించడం. జ్వరం, జలుబుకు ఆయన దగ్గరికి వెళ్లడం వేరు, డిమెన్షియా ఉన్న 80 ఏళ్ల మనిషికి మత్తు ఎక్కించడం వేరు. ఊపిరి మందగించొచ్చు, మింగింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మర్నాడు కలవరింత రెట్టింపు కావచ్చు. ఆయన్ని తిట్టాల్సిన పని లేదు, "బీపీ, షుగర్ చూడు, ఇంజెక్షన్ వద్దు, బండి మాట్లాడిపెట్టు" అంటే ఆ రాత్రి అంతకంటే పెద్ద సాయం లేదు.

పక్కింటివాళ్ల గోలీ ఇవ్వడం, అన్నంలో మందు కలిపి ఆ సంగతి డాక్టర్‌కు చెప్పకపోవడం, రెండు రోజుల్లో తగ్గలేదని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లి రెండు చీటీల మందులూ కలిపి వాడటం, తగ్గిందని ఒక్కసారిగా ఆపేయడం, ఇవీ రోజూ జరిగేవే. ఇక మాటల విషయం. "నేను నీ కొడుకునే, గుర్తులేదా" అని పదిసార్లు నిలదీయడం వల్ల గుర్తు రాదు, భయం పెరుగుతుంది. చనిపోయిన భార్యను అడిగితే "సచ్చిపోయింది కదా" అని చెప్పడం అంటే ప్రతిసారీ కొత్తగా చావు కబురు చెప్పడమే. "ఆమె సంగతి చెప్పు నాయినా, ఎట్ల ఉంటుండె?" అని మాట మళ్లించండి.

బాణామతి, గాలి సోకడం అని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే వాదన పెట్టుకోకండి. "రెండూ చేద్దాం, ముందు రక్త పరీక్ష" అనండి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

"సల్లబడ్డడు" అన్నది కొలత కాదు. రోజంతా పడుకునే మనిషి కూడా చల్లగానే ఉంటాడు. నోటుబుక్కులో మందుకు ముందు వారం, తర్వాత వారం పక్కపక్కన పెట్టి చూడండి: కొట్టినవి ఎన్ని, స్నానం గొడవ లేకుండా ఎన్నిసార్లు జరిగింది, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, పగలు మెలకువగా ఉండి మాట్లాడుతున్నారా, తిండి తింటున్నారా. కొట్టడం తగ్గి, పగలు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ వచ్చేపోయేవాళ్లను పలకరిస్తుంటే మందు సరిగ్గా పడింది. కొట్టడం తగ్గింది కానీ చొంగ కారుతోంది, మెడ వాలిపోతోంది, నడిస్తే తూలుతున్నారు, మింగితే పొలమారుతోంది అంటే మోతాదు ఎక్కువైంది. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి. మూత్రం ఇన్ఫెక్షన్ లాంటి కారణం దొరికి చికిత్స జరిగినా కలవరింత పూర్తిగా తగ్గడానికి వారాలు పట్టొచ్చు, ఆ లోపు మందు పనిచేయలేదని మార్చుకుంటూ పోవద్దు.

రెండు వారాలకు ఒకసారి చూపించండి. పెద్దవాళ్లను ప్రతిసారీ మోసుకెళ్లాలా, నోటుబుక్కు, వీడియోతో ఒక్కరు వస్తే చాలా, ఫోన్‌లో మాట్లాడొచ్చా అని మొదటి రోజే అడిగి పెట్టుకోండి. మూడో నెలలో మీరే గుర్తుచేయండి: "సార్, గొడవలు తగ్గినయి. ఈ గోలీ కొంచెం తగ్గించి చూద్దామా?" తగ్గించాక నాలుగు వారాలు నోటుబుక్కు మళ్లీ రోజూ రాయాలి. గొడవ తిరిగొస్తే పాత మోతాదుకు వెళ్లాలా వద్దా అన్నది ఆ పేజీలు చూసి డాక్టర్ తేలుస్తాడు.